నాలుగో డౌన్, ఐదో మెట్టు

లక్షమంది పట్టే స్టేడియంలో, ఆట ముగియడానికి రెండు నిమిషాలుండగా, ఒక అమెరికన్ కోచ్ నా సలహా పాటించాడు. ఈ మాట నేను మా రిటైర్డ్ ఉద్యోగుల సంఘంలో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను, పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే తెరిచి ముందు ఇదే చెప్పాను. నమ్మినవాళ్ళు నమ్మారు.

అప్పుడు నేనూ మా ఆవిడా ఆరు నెలలకని అమెరికా వెళ్ళి అరోరాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. శనివారం మధ్యాహ్నాలు, అల్లుడు చదివిన యూనివర్సిటీ జట్టు ఫుట్‌బాల్ ఆడేది. పేరుకే ఫుట్‌బాల్, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు. అల్లుడూ, వరంగల్ వైపునుంచి వచ్చిన అతని స్నేహితుడూ ఇంటి కిందున్న బేస్‌మెంట్‌లో టీవీ ముందు చేరేవారు. మూడోవాణ్ణి నేను.

ఆట నాకు అల్లుడే నేర్పాడు. పది గజాలు ముందుకు వెళ్ళడానికి నాలుగు అవకాశాలిస్తారు. ఒక్కోదాన్ని డౌన్ అంటారు. వెళ్ళగలిగితే మళ్ళీ నాలుగు. లేకపోతే బంతి ఉన్నచోటే ఎదుటి జట్టుకి పోతుంది. ఇంతవరకూ న్యాయంగానే ఉంది. నాకు మింగుడుపడనిది తర్వాతి సంగతి. మూడు డౌన్లు అయ్యాక, నాలుగోది చేతిలో ఉండగానే, బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్ళకి అప్పగించేస్తారు. అది పంట్.

"మన బంతిని మనమే ఇచ్చెయ్యడమేమిటి బాబూ?" అన్నాను మొదటి రోజే.

"దూరంగా ఇస్తున్నాం కదా మామయ్యగారూ. వాళ్ళు అక్కణ్ణుంచి రావాలి. సేఫ్."

"ఎంత దూరంగా ఇచ్చినా ఇచ్చినట్టే కదా."

స్నేహితుడు నవ్వాడు. "రమ్మీ ఆడతరు గద అంకుల్. ముక్కలు మంచిగ లేకుంటే డ్రాప్ కొట్టరా? గిది గంతే."

"నేను జన్మలో డ్రాప్ కొట్టలేదు," అన్నాను.

పచ్చి అబద్ధం. మా క్లబ్బులో చేతిలో జోకరు పెట్టుకుని కూడా డ్రాప్ కొట్టే మనిషిగా నాకు పేరు. కానీ ఆ సంగతి అమెరికాలో తెలిసింది ఒక్క మా ఆవిడకే, ఆవిడ అప్పుడు పైన వంటింట్లో ఉంది. అలా ఆ బేస్‌మెంట్‌లో నేను దూకుడు పార్టీ అయిపోయాను. ఒకసారి అయ్యాక వెనక్కి తగ్గడం నా వల్ల కాలేదు.

అల్లుడిది జాగ్రత్త పార్టీ. లీడ్‌లో ఉన్నప్పుడు రిస్క్ తీసుకోకూడదు, క్లాక్ కరిగించాలి, డిఫెన్స్‌ని నమ్ముకోవాలి అనేవాడు. గెలుస్తున్నవాడు గెలిచేదాకా ఆడాలి గానీ గెలిచేసినట్టు కాళ్ళు చాపుకుంటే ఎలా అని నేననేవాణ్ణి. మా ఇళ్ళల్లో మామగారు అల్లుడితో వాదించడం పద్ధతి కాదు. మా మామగారితో నేను ముప్పై ఏళ్ళూ వానల గురించే మాట్లాడాను. ఆ పద్ధతి ఈ మెట్లు దిగేసరికి మా ఇద్దరికీ గుర్తుండేది కాదు.

"గ్రీన్ కార్డ్ ఫైల్ చేసినోడు పంటే కొడ్తడు అంకుల్," అన్నాడు స్నేహితుడు ఒకరోజు. "మీరు రిటైరైన్రు, మీకేం భయం."

అల్లుడు నవ్వలేదు.

అక్టోబర్‌లో నా మీద నిషేధం పడింది. నేను కాఫీకని పైకి వెళ్ళిన ఐదు నిమిషాల్లో, ఓడిపోతున్న జట్టు కాస్తా గెలిచింది. క్రికెట్ చూసే రోజులనుంచీ మనవాళ్ళకున్న జబ్బే ఇది, ఎవడు బాత్రూమ్‌లో ఉండగా సిక్సర్ పడిందో వాణ్ణి ఇంక బయటికి రానివ్వరు. ఆఖరి ఐదు నిమిషాలూ అంకుల్ పైనే ఉండాలని స్నేహితుడు తీర్పు చెప్పాడు. వరసగా మూడు శనివారాలు నేను వంటింట్లో మా ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీశాను. మూడుసార్లూ గెలిచారు. కింద కేకలు వినిపించేవి, ఏం జరిగిందో తెలిసేది కాదు. మధ్యాహ్నమంతా వాదించి, ఆ వాదన తేలే సమయానికి నేను చిక్కుడుకాయల దగ్గరుంటే, నాది ఒప్పని వీళ్ళు ఎప్పుడు ఒప్పుకోవాలి?

మంగళవారం మా తిరుగు ప్రయాణం. దానికి ముందు శనివారం, ఐదు నిమిషాలుందనగా ఇద్దరూ నావైపు చూశారు.

"ఇవాళ నేను వెళ్ళను," అన్నాను.

"అంకుల్, ప్లీజ్. సీజన్ మొత్తం పోతది."

"మంగళవారం ఎలాగూ పైకి పోతున్నాను కదయ్యా."

"గట్లనకుండ్రి అంకుల్."

"మామయ్యగారూ, ఈ ఒక్కసారికి," అన్నాడు అల్లుడు.

సోఫాలోంచి కదల్లేదని అందరికీ చెప్పాను. అది నిజం కాదు. రాజీ కుదిరింది. బేస్‌మెంట్ మెట్లలో కిందనుంచి ఐదోదాని మీద కూర్చున్నాను. అక్కడికి కప్పు అడ్డొచ్చి టీవీలో ఆటగాళ్ళు నడుంనుంచి కిందికే కనిపిస్తారు. స్టేడియం లక్ష పట్టేదో యాభై వేలు పట్టేదో కూడా నాకు తెలియదు. కోచ్‌కీ నాకూ మధ్య రెండు రాష్ట్రాలున్నాయి.

మూడు పాయింట్ల ఆధిక్యం. బంతి మాది, మైదానం మధ్యలో. నాలుగో డౌన్. కావలసింది ఒక్క గజం. అది వస్తే గడియారం మాదే, ఆట అయిపోయినట్టే. అల్లుడు లేచి నిలబడి "పంట్, పంట్" అంటున్నాడు. స్నేహితుడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఆడండి," అని అరిచాను నేను. కోచ్ ఆడించాడు.

జానెడు తక్కువైంది.

ఎదుటివాళ్ళు బంతి తీసుకుని, సగం మైదానం దాటి, ఇంకా కొన్ని సెకండ్లుండగానే చివరి గీత దాటేసి ఆరు పాయింట్లు కొట్టేశారు. మేం ఓడిపోయాం.

అల్లుడు టీవీ ఆపేశాడు. "హ్యాపీనా మామయ్యగారూ?" అన్నాడు. పెళ్ళైన తర్వాత నాతో అతను అలా మాట్లాడింది అదొక్కసారే.

"నిర్ణయం తప్పు కాదు," అన్నాను. "జానెడు తగ్గింది. రేపు మళ్ళీ ఇదే పరిస్థితి వస్తే మళ్ళీ ఆడమనే అంటాను."

"పంట్ కొడ్తే గెలుస్తుంటిమి అంకుల్."

"గెలిచేవాళ్ళమని ఎవరు రాసిచ్చారు? అక్కణ్ణుంచి మాత్రం వాళ్ళు రాలేరా?"

ఆదివారం, సోమవారం అల్లుడు నాతో అన్నం వడ్డించేటప్పుడు తప్ప మాట్లాడలేదు. అమ్మాయి సారీ చెప్పమంది. ఆట ఓడిపోయినందుకు చెబుతాను గానీ నేనన్న మాటకి చెప్పనన్నాను. మంగళవారం విమానాశ్రయంలో సూట్‌కేసులు తోపుడుబండి మీదికి ఎత్తుతూ అతనే అన్నాడు, "మీరన్నదే కరెక్టేమో మామయ్యగారూ. వన్ యార్డే కదా." ఆ ఒక్క ముక్కతో నేను విమానంలో పద్దెనిమిది గంటలు కాళ్ళు ముడుచుకుని హాయిగా కూర్చున్నాను.

ఇదంతా రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. సోఫా సంగతీ, స్టేడియం సంగతీ, రమ్మీ సంగతీ, కోసిన కోతలన్నీ ఒప్పేసుకున్నాను కదా, ఇంకేం మిగల్లేదన్నాను.

"ఆడమని మీరెక్కడన్నారు?" అంది ఆవిడ. "నేను మీ వెనకే పై మెట్టు మీద నిలబడున్నాను. రెండు చేతులతో కళ్ళు గట్టిగా మూసుకుని, 'తన్నెయ్యండ్రా, తన్నెయ్యండ్రా బాబూ' అని గొణిగారు. వాళ్ళ గోలలో వాళ్ళకి వినబడలేదు, అంతే."