ప్రతి ఉదయం వచ్చిన అత్యవసరం

1998 వేసవిలో నన్ను కాలుష్య నియంత్రణ మండలి విజయవాడ ప్రాంతీయ కార్యాలయానికి సహాయ పర్యావరణ ఇంజనీరుగా బదిలీ చేశారు. కృష్ణా జిల్లాలో బందరు వైపు ఉన్న భాగం నా పరిధిలోకి వచ్చింది. రైసు మిల్లులు, ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యలు శుద్ధి చేసే షెడ్లు, బందరు దాటాక ఒక సహజవాయు సేకరణ కేంద్రం. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన కొందరు ఇంజనీర్లు ఆ చివరిదాని సంగతి రాయమన్నారు. ఆ ఏటి డైరీ దగ్గర పెట్టుకుని రాస్తున్నాను.

చుట్టుపక్కల బావుల నుంచి గొట్టాల్లో వచ్చే గ్యాసు ముందుగా ఆ కేంద్రానికి చేరుతుంది. గ్యాసుతో పాటు నీరు, పల్చని చమురు కూడా వస్తాయి. సెపరేటర్ అనే పెద్ద ఇనుప పాత్రలో వాటిని వేరు చేసి, గ్యాసును పైపులైనులోకి పంపుతారు. ఒత్తిడి ప్రమాదకరంగా పెరిగితే గ్యాసును ఎత్తయిన గొట్టంలోకి వదిలి, దాని కొసన కాల్చేస్తారు. ఆ గొట్టం పేరు ఫ్లేర్. దాని మీద చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది.

ఇలాంటి కేంద్రం నడవాలంటే వాయు కాలుష్య చట్టం కింద మా అనుమతి ఉండాలి. గడువు తీరేలోగా దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. సహజవాయువు శుభ్రమైన ఇంధనం గనక వాళ్లకు షరతులు తక్కువ. పైగా ఒక మినహాయింపు కూడా ఉంది. అత్యవసర పరిస్థితిలో ఫ్లేర్ నుంచి కొద్దిసేపు పొగ వచ్చినా ఉల్లంఘన కింద లెక్కించరు. అది సమంజసమైన మినహాయింపే. ఒత్తిడి పెరుగుతున్న వేళ ఆపరేటరు మా నోటీసు గురించి ఆలోచిస్తూ నిలబడకూడదు.

నేను చేరేసరికి ఆ కేంద్రం రెన్యువల్ ఫైలు బల్ల మీద ఉంది. దానితో పాటు పక్క ఊరి చేనేత వీధివాళ్లు ఇచ్చిన అర్జీ ఒకటి. తాము పడుగు గంజి పెట్టుకునే వేళ మసి పడుతోందని అందులో ఫిర్యాదు.

పడుగు అంటే వస్త్రంలో నిలువునా సాగే దారాల వరస. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి పొడవునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఎండ ముదిరితే గంజి బిగుసుకుపోతుంది కాబట్టి ఆ పనంతా తెల్లవారుజామునే జరగాలి. తడి పడుగు మీద పడిన మసి గంజితో పాటే ఆరిపోతుంది. తరవాత ఎంత ఉతికినా వదలదు.

మొదటి తనిఖీకి ఆఫీసు జీపులో వెళ్లాను. చేరేసరికి పదకొండు దాటింది. మంట చిన్నగా, పొగ లేకుండా ఉంది. కేంద్రం ఇన్‌ఛార్జి ప్రసాదరావు గారు మర్యాదస్తుడు, పని తెలిసిన కెమికల్ ఇంజనీరు. బందరులో కాపురం, రోజూ ఎనిమిదింటికి డ్యూటీకి వస్తారు. గంజి కాచుకునే ఊక పొయ్యిల మసే వాళ్ల దారాల మీద పడుతూ ఉండాలని ఆయన అన్నారు. ఆ మాట నమ్మే అన్నారు.

అక్కణ్నుంచి నేత వీధికి వెళ్లాను. అర్జీ మీద మొదటి సంతకం సుబ్బారాయుడిది. అతను, భార్య నాగరత్నం కలిసి ఒక మగ్గం నడుపుతున్నారు. మంట బాగానే ఉందే అన్నాను. నాగరత్నం నవ్వింది.

"మీరొస్తారని తెలిస్తే అది పెళ్లికూతుర్లా ముస్తాబై కూర్చుంటదండి. పొద్దున్నే మొహం కడుక్కోకముందు చూడాలి దాన్ని."

సుబ్బారాయుడు నవ్వలేదు. వాళ్లకు నూలిచ్చి చీరలు నేయించుకునే షావుకారు, ఇంకోసారి మచ్చల పడుగు వస్తే ఈ వీధికి నూలు ఆపేస్తానని కబురు పెట్టాడట.

"నూలు ఆగిందంటే మగ్గం గుంటలో కోళ్లు పెంచుకోవడమేనండి," అన్నాడు.

మచ్చపడిన ముక్క ఒకటి తీసుకుని చూశాను. ఊక బూడిద తెల్లగా ఉంటుంది, నలిపితే రాలిపోతుంది. ఇది నల్లగా ఉంది, వేలికి జిడ్డు తగిలింది. గంజి ముందురోజు సాయంత్రమే కాచి ఉంచుకుంటారని, పొద్దున పొయ్యి వెలిగించే పని ఉండదని కూడా తెలిసింది. ఒట్టి గ్యాసు కాలితే అలాంటి మసి రాదు. ఫ్లేర్‌లోకి చమురు వెళ్తూ ఉండాలి. అయితే ఎప్పుడు, ఎందుకు వెళ్తోందో పదకొండింటికి వచ్చేవాడికి కనపడదు.

మరుసటి వారం ముందురోజే బందరు వెళ్లి లాడ్జిలో దిగాను. ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజామున మొదటి బస్సెక్కి ఆ ఊళ్లో దిగాను. వీధిలో సుబ్బారాయుడి పడుగు సాగదీసి ఉంది. గంజి పట్టించడం అప్పుడే పూర్తయింది. నన్ను చూసి నాగరత్నం, టీ తరవాత ఇస్తాను, ముందు పైకి చూస్తూ ఉండండి అంది.

ఎక్కువసేపు చూడనక్కర్లేకపోయింది. మంట ఒక్కసారిగా ఎర్రగా పొంగింది. దాని మీంచి నల్లటి పొగ లేచి పడమటి గాలికి వీధి మీదికి వాలింది. పగలైతే సముద్రపు గాలి దాన్ని అవతలికి తోసేసేది. తడి పడుగును చుట్టి లోపల పెట్టడానికి వీల్లేదు, దారాలు అంటుకుపోతాయి. ఇళ్లలోంచి ఆడవాళ్లు దుప్పట్లు పట్టుకొచ్చి పడుగు మీద పందిరిలా ఎత్తిపట్టారు. నా చేతికీ ఒక కొస ఇచ్చారు. ఎవరూ కేకలు వేయలేదు. రోజూ చేసే పనిలాగే చేశారు. దుప్పట్లు అందని కొసన మసి పడింది.

అక్కణ్నుంచి నేరుగా కేంద్రానికి నడిచాను. గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి లోపలికి వెళ్లేసరికి మంట మళ్లీ చిన్నదైంది. రాత్రి షిఫ్టు ఆపరేటరు డ్యూటీ అప్పగించి చేతులు కడుక్కుంటున్నాడు. ఆ పొగేమిటని అడిగాను.

"ఎమర్జెన్సీ అండి."

"మరి నిన్న?"

"నిన్న కూడా ఎమర్జెన్సీయేనండి."

"రేపో?"

అతను చేతులు తుడుచుకున్నాడు. "రేపు నాకు వీక్లీ ఆఫండి," అన్నాడు.

ప్రసాదరావు గారు వచ్చాక ముగ్గురం కూర్చున్నాం. సంగతి మెల్లగా బయటపడింది. షిఫ్టు మారేటప్పుడు సెపరేటర్‌లో ద్రవమట్టం తక్కువగా ఉండాలని ఆయనే నిబంధన పెట్టారు. భద్రత దృష్ట్యా అది మంచి నిబంధన. కాని ద్రవాన్ని ట్యాంకులోకి పంపు చేయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. రాత్రి షిఫ్టులో ఆ పనికి ఉన్నది ఒక్కడే. మట్టం ఎక్కువగా ఉన్నప్పుడు అప్పగిస్తే సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని డ్యూటీ దిగేముందు వాల్వు తెరిచి ద్రవాన్ని ఫ్లేర్‌లోకి ఊదేసేవారు. అది కొద్దిసేపే కాబట్టి మా మినహాయింపులో సరిగ్గా ఇమిడిపోయింది. ప్రసాదరావు గారు ఆపరేటరును ఒక్క మాట అనలేదు. మొదటి తప్పు తనదేనని మాత్రం నాతో అన్నారు.

మా పై అధికారి ఆ మినహాయింపునే కొట్టేసి రెన్యువల్ ఇద్దామన్నారు. నేత వీధివాళ్లు కోరిందీ అదే. ప్రసాదరావు గారు ఒప్పుకోలేదు.

"పొగ వస్తే కేసు పెడతారని మావాళ్లు భయపడ్డారనుకోండి, తెరవాల్సిన రోజున వాల్వు తెరవరు. అప్పుడు పోయేది పడుగులు కాదండి, ఆ వీధే."

ఆ మాటలో న్యాయముంది. రెండు రోజులు ఆలోచించి ఇలా రాశాను. అత్యవసర మినహాయింపు ఉంటుంది. ద్రవం ఖాళీ చేయడం దాని కిందికి రాదు. రాత్రి షిఫ్టులో పంపు పనికి రెండో మనిషి ఉండాలి. మట్టం ఎక్కువగా ఉంటే ఉన్నట్టు అప్పగించవచ్చు, అందుకు ఆపరేటరు మీద చర్య ఉండకూడదు. అనుమతి తాత్కాలికం. తెల్లవారుజాము తనిఖీలయ్యాకే పూర్తి గడువుకు ఇవ్వాలి. ఆపరేటరు మీద చర్య సంగతి మన పరిధి కాదని పై అధికారి అభ్యంతరం చెప్పారు. పొగకు మూలం అక్కడే ఉందని నేను వాదించాను. కొంత చర్చ జరిగాక సంతకం పెట్టారు.

ఆ ఉదయం కొసన మచ్చపడిన పడుగును షావుకారు తీసుకోలేదు. మిగతా వీధికి నూలు వచ్చింది. సుబ్బారాయుడి ఇంటికి మాత్రం ఆపేశాడు. ఆ నష్టానికి పరిహారం ఇప్పించే అధికారం మాకు లేదు. ఆ వానాకాలమంతా అతను పక్కింటి మగ్గం మీద కూలికి నేశాడు.

వానలు వెళ్లాక చెప్పకుండా మూడోసారి వెళ్లాను. సుబ్బారాయుడి గుమ్మం ముందు పడుగు సాగదీసి ఉంది, నూలు మళ్లీ వస్తోందన్నమాట. తూర్పు తెల్లబడేదాకా నిలబడ్డాను. మంట పెరగలేదు.

"ఇప్పుడు లేస్తూనే మొహం కడుక్కుంటందండి," అని నాగరత్నం టీ గ్లాసు చేతికిచ్చింది.

అనుమతి పూర్తి గడువుకు ఇవ్వమని ఆ సాయంత్రమే రాశాను.

మినహాయింపు ఇచ్చేటప్పుడు దాన్ని ఏ ఆపదలో వాడతారో ఊహించి రాస్తాం. ఏ ఇబ్బందిలో వాడుకుంటారో కూడా ఊహించాలని అక్కడ తెలుసుకున్నాను. తరవాతి ఉద్యోగ కాలంలో, తనిఖీకి జీపు ఎన్నింటికి తేవాలని డ్రైవరు అడిగితే, అక్కడ షిఫ్టు ఎప్పుడు మారుతుందో కనుక్కున్నాకే చెప్పేవాణ్ని.