వేడి తెలియని చెయ్యి

నంద్యాల నూనెపల్లెలో సుబ్బరాయుడి షెడ్డుకు కారు ఏసీ చెడి వచ్చినవాళ్లు ముందు ఆయన చెయ్యి వంకే చూసేవాళ్లు. ఇంజను పక్కనున్న పైపులను అలా పట్టుకుని, గ్యాసు తగ్గిందో కంప్రెసర్ అలిసిందో చెప్పేవాడు. కూతురు నాగజ్యోతి డిప్లొమా చదివి, బండి లోపాలు అంకెల్లో చూపించే స్కానర్ తెచ్చినా, ఆయనకది 'డబ్బా'యే.

ఈమధ్య ఆ వేళ్లు మొద్దుబారాయి. చక్కెర జబ్బు ముందు పాదాలను పట్టింది. ఒకసారి కాలి చెప్పు జారిపోతే వీధి చివరికి వెళ్లేదాకా తెలియనే లేదు. తర్వాత చేతులకు వచ్చింది. కాఫీ వేడి పెదవికి తగిలితేనే తెలిసేది. ఎవరికీ చెప్పలేదు. చెయ్యి పోయిందంటే ఇక తనను ఎవరు అడుగుతారని భయం.

ఆ ఎండాకాలం మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి జయరాజు టాక్సీ తెచ్చాడు. ఏసీ కాసేపు చల్లగా వచ్చి ఆగిపోతోందట. నాగజ్యోతి స్కానర్ తగిలించి ఇంజను నడిపింది.

"నాయనా, గ్యాసు ప్రెజర్ ఎక్కుతానే ఉండాది. ఇరవై ఐదు... ఇరవై ఏడు. ఇంకొంచెం ఎక్కితే బండే కంప్రెసర్‌ను ఆపేస్తాది."

"ఆ డబ్బాకేం తెలుసుమ్మే!" జయరాజు నవ్వాడు. "మీ నాయన చెయ్యి పెట్టనీ."

సుబ్బరాయుడు కంప్రెసర్ నుంచి వచ్చే పైపును గుప్పిట పట్టాడు. ఏమీ అనిపించలేదు.

"సెన్సర్ పోయింది, అబద్ధం చూపిస్తాండాది. అంత ప్రెజరుంటే ఈ పైపు నిప్పులాగా కాలాల. చూడు, నా చెయ్యి దీనిమీదనే ఉండాది."

"అన్నా, తీ! చెయ్యి తీ! కమురు వాసనొస్తాండాది!"

జయరాజే ఆయన మణికట్టు పట్టి లాగాడు. అరచేతి తోలు తెల్లగా లేచిపోయింది. సుబ్బరాయుడు అది ఇంకెవరి చెయ్యో అన్నట్టు చూశాడు.

నాగజ్యోతి ఆ చేతిని బకెట్ నీళ్లలో ముంచింది. "ఎన్నాళ్ల నుంచి నాయనా?"

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నీళ్లు చల్లగుండాయా?"

"ఆ" అన్నాడు. అబద్ధమని ఆమెకు తెలిసింది.

స్కానర్ చెప్పిందే నిజం. జయరాజు బండి ఎప్పుడూ పత్తి మిల్లు ముందే నిలబడేది. ముందున్న ఏసీ జాలీ నిండా పీచు కూరుకుపోయి, గాలి ఆడక గ్యాసు చల్లారడం లేదు. నాగజ్యోతి నీళ్లు కొట్టి కడిగింది. అంకెలు దిగుతూ వచ్చి, మామూలుగా ఉండాల్సిన పదహారు దగ్గర నిలబడ్డాయి. గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని సుబ్బరాయుడు ఆ అంకెలనే చూస్తూ కూర్చున్నాడు.

జయరాజు కార్లో కూర్చుని అద్దాలెక్కించాడు. ఇంకో రోజైతే సుబ్బరాయుడు లోపలి గాలికి చెయ్యి అడ్డం పెట్టి, "ఇంక పో" అనేవాడు. ఇప్పుడు లేచి వెళ్లి అద్దం మీద తట్టాడు.

"చల్లగొస్తాండాదా జయరాజూ?"

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఒకరిని అడగడం అదే మొదలు. జయరాజు ఆయన ముఖంలోకి చూడలేక, స్టీరింగు వైపు చూస్తూ తలూపాడు.