రత్నమ్మ కన్నా, లెన్సా?

2023 వేసవి. అనంతపురం పాత ఊరిలో నా రిపేరు కొట్టు. ఒకప్పుడు చుట్టుపక్కల స్టూడియోల వాళ్ళందరూ కెమెరాలు నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువగా సీసీ కెమెరాలు, ప్రొజెక్టర్లు, పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళ సామాను వస్తుంటాయి. ఫిల్ము కెమెరా కనిపించడమే అరుదు. అందుకే ఒక పొద్దున ఒకామె గుడ్డసంచిలోంచి పాత రేంజ్‌ఫైండర్ కెమెరా తీసి బల్ల మీద పెట్టగానే, విప్పుతున్న ప్రొజెక్టరును పక్కకు జరిపేశాను.

ఆమె పేరు రత్నమ్మ. బత్తలపల్లె నుంచి తమ్ముడు దానియేలు నడిపే ఆటోలో వచ్చింది. వయసు అరవైకి దగ్గర. వయసులో ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిందట. అక్కడి విదేశీ డాక్టరమ్మ తన దేశానికి వెళ్ళిపోతూ ఈ కెమెరా ఇచ్చి, ఎలా వాడాలో కూడా నేర్పి పోయింది. అప్పటి నుంచి రత్నమ్మ చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్ళ ఫోటోలు తీస్తోంది. అదీ ఇంట్లోనే, మట్టిమిద్దె పైకప్పులో వెలుతురు కోసం వదిలే గవాక్షిలోంచి పడే వెలుతురులో. ఫ్లాష్ వెయ్యదు. ఫ్లాష్ పడితే వాళ్ళు బెదిరిపోయి ముఖం బిగించేస్తారని చెప్పింది. ఫిల్ము కడగడం, ప్రింటు వేయడం అన్నీ తనే.

ఆమె కెమెరాను బాగు చేయించుకోవడానికి రాలేదు.

"లెన్సు ఎట్లుండాదో చూసి చెప్పన్నా. బాగుంటే పనికొచ్చేవాళ్ళకి ఇచ్చేస్తా. నాకింక పనిలేదు. నా కన్ను పోయింది" అంది.

ఎందుకలా అంటోందో నిదానంగా అడిగాను. కిందటి సంవత్సరం కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆ తర్వాత తీసిన ఫోటోల్లో ఒక్క ముఖం కూడా స్పష్టంగా రాలేదు. డాక్టరు కన్ను బాగుందన్నాడు. బస్సు బోర్డులు తనే చదువుకుంటోంది. అయినా ఫోటోలు మాత్రం మసకే. ఎడమకంటికి కూడా శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. ఈమె వెళ్ళడం లేదు. ఒక కన్ను పాడైంది చాలు, రెండోది కూడా కోయించుకుని గుడ్డిదాన్ని కానా అని ఆమె భయం. పక్కన కూర్చున్న దానియేలు, ఆ మాట చెప్పీ చెప్పీ తన నోరు నొప్పి పుట్టిందన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఆమె తెచ్చిన నెగటివ్‌లను లైట్ బాక్స్ మీద పెట్టి, భూతద్దంతో చూశాను. ఇంట్లో తీసిన ముఖాలన్నీ నిజంగానే మసక. కానీ మధ్యలో ఎండలో తీసిన గొర్రెల మంద ఒకటి ఉంది, అందులో ఉన్ని పోగులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. చీకట్లో తన కన్ను పనిచేయడం లేదనడానికి అదే రుజువు అంది రత్నమ్మ. నాకు వేరే అనుమానం వచ్చింది. అయితే అనుమానం పట్టుకుని ఒక మనిషి కంటి గురించి మాట్లాడకూడదు.

ఇక్కడ పని గురించి కొంచెం చెప్పాలి. రేంజ్‌ఫైండర్ కెమెరాలో మనం లెన్సు గుండా చూడం. పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. దాని మధ్యలో పసుపు మచ్చలో బొమ్మ రెండుగా కనిపిస్తుంది. లెన్సు రింగు తిప్పుతూ రెండు బొమ్మలూ ఒకటయ్యేలా చేస్తే ఫోకస్ కుదిరినట్టు. లెన్సులో దోషం ఉన్నా కిటికీలో ఏమీ తెలియదు. పైగా ఆమెది ఫాస్ట్ లెన్స్, అంటే పెద్ద నోరున్న లెన్సు. తక్కువ వెలుతురులోనూ ఫోటో తీయగలదు. కానీ ఆ నోరు పూర్తిగా తెరిచినప్పుడు ఫోకస్ చాలా పలచగా ఉంటుంది. కంటిరెప్ప స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది. ఎండలో నోరు బాగా మూసి తీస్తాం కాబట్టి చిన్న తప్పు ఉన్నా కనిపించదు.

పక్క కొట్టులోంచి అగ్గిపెట్టెలు తెప్పించి, బల్ల మీద ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి కనిపించేలా నిలబెట్టాను. నడిమి పెట్టె మీద పెన్నుతో గీత పెట్టాను. కెమెరాను స్టాండుకు బిగించి, లెన్సు నోరు పూర్తిగా తెరిచి, ఆ గీత మీద ఫోకస్ చేయమని రత్నమ్మకు చెప్పాను. ఆమె తీసిన ప్రతిసారీ రింగు మొత్తం తిప్పేసి మళ్ళీ మొదటి నుంచి చేయించాను. తర్వాత నేను తీశాను. చివర్లో ఆ లెన్సు తీసేసి, నా దగ్గరున్న మామూలు లెన్సు ఒకటి అదే కెమెరాకు తగిలించి మళ్ళీ ఆమె చేతే తీయించాను.

ఫిల్ము కడగబోయే ముందు ఆమెకు విషయం దాచకుండా చెప్పాను. కన్నే తప్పు చేస్తుంటే ఒక్కోసారి ఒక్కో పెట్టె మీద ఫోకస్ పడుతుంది, నేను తీసినవాటికీ ఆమె తీసినవాటికీ తేడా వస్తుంది. అలా వస్తే నేను ఆమెకు చెప్పగలిగింది ఏమీ లేదు, మళ్ళీ డాక్టరు దగ్గరికే పోవాలి. ఆమె తల ఊపింది. నేను వెనక గదిలోకి వెళ్ళి ఫిల్ము కడిగాను.

మా ఊరి వేడిగాలికి ఫిల్ము తొందరగానే ఆరింది. భూతద్దం పెట్టి ముందు నేను చూశాను. తర్వాత ఏమీ చెప్పకుండా భూతద్దం ఆమె చేతికిచ్చి, ఏ పెట్టె స్పష్టంగా ఉందో చెప్పమన్నాను.

"గీత పెట్టింది కాదు. దాని ఎనకది" అంది. తర్వాతిది చూసింది. "ఇది కూడా ఎనకదే." ఇంకొకటి. "ఇదీ అదే." చివరికి నేను తీసినవాటి దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. "ఏమప్పా, నీకూ ఎనకదే వచ్చిందే. నీ కన్ను కూడా పోయిందా?"

ఆ మాటకు దానియేలు నవ్వాడు, ఆమె మాత్రం నవ్వలేదు. వేరే లెన్సుతో తీసినవి చూపించాను. నడిమి పెట్టె మీద గీత చెక్కినట్టు ఉంది. అవీ ఆమె తీసినవే.

"అక్కా, నీ కన్ను ప్రతిసారీ సరిగ్గా చూసింది. నువ్వు చూసినచోట లెన్సు నిలబడలేదు, అంతే" అన్నాను.

ఆమె కొంగుతో ఆ కుడికన్నే మెల్లగా ఒత్తుకుంది.

లెన్సు ఎప్పుడైనా విప్పించారా అని అడిగాను. ఎన్నడూ లేదని ఆమె చెబుతుండగానే దానియేలు ముఖం వాడిపోయింది. జరిగింది చెప్పాడు. అక్క కంటికి కట్టు ఉన్న రోజుల్లో, లెన్సు లోపల తెల్లటి బూజు పోగులు చూశాడట. బెంగుళూరులో ఒకరి చేత శుభ్రం చేయించి, ఆమెకు తెలియకుండా మళ్ళీ కెమెరాకు తగిలించి పెట్టాడు.

"అక్కకి కన్ను తేటగా వచ్చేతలికి లెన్సు కూడా తేటగా ఉండాలనుకుంటినన్నా. ఇన్నాళ్ళూ అక్క ఏడుస్తాంటే, నేను చేసిందేనని నాకు తెలీకపాయె."

రత్నమ్మ తమ్ముడి వైపు తిరిగింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. అతని తల మీద చెయ్యి వేసి, "నువ్వు చేసింది బాగుకే కదరా. నేనే తప్పంతా దేవుడి మీదా డాక్టరు మీదా ఏసినా" అంది.

లెన్సు విప్పితే విషయం తేలింది. ముందున్న గాజుల భాగానికీ దాన్ని మోసే ఇత్తడి గొట్టానికీ మధ్య షిమ్ అనే పలచటి రింగు ఉంటుంది, ఉల్లిపొర మందాన. అది లేదు. లోపలి నూనెకు అంటుకుని, తుడిచిన ఏ గుడ్డతోనో పోయి ఉంటుంది, విప్పినవాడికి తెలిసి ఉండదు. అది లేకపోవడంతో గాజులు ఫిల్ముకు ఆ కాస్త దగ్గరగా జరిగి, ఫోకస్ వెనక్కి పోయింది. పలచటి ఇత్తడి రేకు కత్తిరించి కొత్త రింగు చేశాను. ఫిల్ము ఉండేచోట బొమ్మ పడి కనిపించే గరుకు అద్దం పెట్టి చూస్తూ, రింగును రుద్ది, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పి, కుదిరేదాకా చేశాను. ఆ పని ఒక్క రోజులో కాలేదు.

లెన్సు తీసుకోవడానికి వచ్చినప్పుడు రత్నమ్మ మరోసారి అగ్గిపెట్టెలు పెట్టమంది. తనే తీసింది, వెనక గదిలోకి వచ్చి ఫిల్ము తనే కడుక్కుంది. గీత ఉన్న పెట్టె స్పష్టంగా వచ్చింది. కెమెరాను సంచిలో పెట్టుకుంటూ తమ్ముడితో, ఇంటికి పోయే దారిలో కళ్ళ డాక్టరు దగ్గర ఆపమని చెప్పింది.

వానాకాలం మొదట్లో ఎడమకంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళ తర్వాత ఒక ఫోటో ఇచ్చి వెళ్ళింది. వేరుశనగకాయలు ఒలుస్తున్న ఒక అవ్వ, గవాక్షి వెలుతురులో తల ఎత్తి చూస్తోంది. అవ్వ కంటిపాపలో పైనున్న గవాక్షి చిన్న తెల్లటి చుక్కలా కనిపిస్తోంది.

అప్పటిదాకా ఎవరు కెమెరా తెచ్చినా దానికేమైందని అడిగేవాణ్ణి. రత్నమ్మ తర్వాత అది చాలదని తెలిసింది. యంత్రం చెడితే కొందరు తామే చెడిపోయామనుకుంటారు, ఆ నమ్మకంతో చికిత్సలు మానేస్తారు, ఇష్టమైన పనులు వదిలేస్తారు. వాళ్ళను ఓదారిస్తే ఆ నమ్మకం పోదు. వాళ్ళ చేతే పరీక్ష చేయించి, ఫలితం వాళ్ళ కళ్ళతోనే చూడనివ్వాలి. అందుకే ఫలితం ఏమిటో నేను ముందే ఊహించగలిగినా, ఇప్పుడు భూతద్దం మొదట వాళ్ళకే ఇస్తున్నాను.