ఎడమ తలుపు మీది నలుపు

మా ఆయన చేతిపనికి బేరం ఆడేవాడు కాదు. ఆ ఒక్క గుణం చూసే మా బాపు నన్ను ఆయనకిచ్చాడని అవ్వ చెప్పేది. నిర్మల్‌లో మాది బొమ్మలు చేసే ఇల్లు. కొనేవాళ్లంతా పావలా దగ్గర గీచి గీచి బేరమాడుతుంటే, ఈ టాక్సీ డ్రైవరు మాత్రం అడిగినంతా ఇచ్చి, బాపుకు దండం పెట్టి పోయాడట.

పెళ్లయిన నాలుగో ఏట పొలం అమ్మి కొత్త కారు కొన్నాడు. నల్ల కారు. నయాపైసలు వచ్చినా మా బజారు ఇంకా అణాల్లోనే మాట్లాడుతున్న రోజులవి. కారుతో పాటు ఆర్నెల్ల గ్యారంటీ కాగితం ఇచ్చారు. ఆయన దానికి అద్దం కట్టించి దేవుళ్ల పక్కన వేలాడదీశాడు. రోజూ దేవుళ్లతో పాటు దానికీ బొట్టు పెట్టేదాన్ని, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ ఆర్నెల్లూ హారన్ మూగపోయినా, కిటికీ అద్దం ఇరుక్కున్నా హైదరాబాదు తీసుకెళితే ఊరికే బాగుచేసి పంపేవారు.

ఏడో నెల నుంచి ప్రతిదానికీ జేబు తడుముకోవలసి వచ్చింది. బెల్టు తెగినా, తలుపు గడియ ఊడినా బస్టాండు దగ్గరున్న ముసలి సాయిబు మిస్త్రీ దగ్గరికి పోయేవాడు. అడిగినంత ఇచ్చి వచ్చేవాడు. ఇంటికొచ్చి ఉసూరుమనేవాడు గానీ అక్కడ మాత్రం నోరు మెదిపేవాడు కాదు.

ఒకనాడు సంతలో ఎద్దుల బండి ఇరుసు తగిలి ఎడమవైపు వెనక తలుపు సొట్టపోయింది, మూరెడు పొడుగున రంగు లేచిపోయింది. మిస్త్రీ సొట్ట తీసి రేకు సమం చేశాడు.

"రంగు నాతోని గాదు బేటా. హైదరాబాద్ పోవాలె. ముప్పై రూపాయలన్న అడుగుతరు" అన్నాడు.

పది రోజుల్లో పెళ్లి కిరాయి ఉంది. గీతపడ్డ కారులో పెళ్లికొడుకును కూర్చోబెట్టేది లేదని పెళ్లివారు తెగేసి చెప్పారు. ఇంట్లో చూస్తే పదకొండు రూపాయలున్నాయి. ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే, "రంగు నేనేస్త" అన్నాను.

మా పుట్టింట్లో ఆడవాళ్ల పని చెక్క రుద్దడం, గుంటలు పూడ్చే లప్పం పెట్టడం వరకే. కుంచె మగవాళ్లది. కానీ బాపు కళ్లు మసకబారాక పటాల మీద బొమ్మ వెనక వేసే నలుపంతా నేనే వేశాను. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు ఆ నలుపునే మెచ్చుకుంటే బాపు మీసం దువ్వేవాడు. నాకెవరూ ఒక్క అణా ఇవ్వలేదు, నేనూ అడగలేదు. పటాలకు మేం వాడేది కూడా కార్లకు వేసే డూకో రంగే. ఇంకేం భయం అనుకున్నాను. పొగరు నాకు కొంచెం ఎక్కువే.

కొయ్యబొమ్మకు పెట్టినట్టే తలుపు మీద మిగిలిన గుంటల్లో చింతగింజల లప్పం పెట్టి, ఆరాక రంగు వేశాను. ఆయన ఖానాపూర్ కిరాయికి పోయి వచ్చేసరికి ఎండకు రేకు కాలి, లప్పమంతా పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

"కారంటే బొమ్మ అనుకున్నవా?" అన్నాడు.

తలుపు చూసి సిగ్గేసింది, ఆయన మాటకు కోపమూ వచ్చింది. మిగిలిన లప్పమంతా గీకిపారేసి, గరుకు కాగితంతో గుంటలు సమమై రేకు మెరిసేదాకా రుద్దాను. ఈసారి వట్టి రంగే, పల్చగా, రోజుకో పూత. దుమ్ము పడకుండా చుట్టూ తడి దుప్పట్లు కట్టాను. ఆరు రోజులు కారును కదలనివ్వలేదు. ఏడో రోజు మెత్తటి గుడ్డతో తుడిస్తే తలుపులో నా ముఖం, ముక్కుపుల్లతో సహా కనిపించింది.

ఆయన చుట్టూ తిరిగి చూసి, మళ్లీ చూసి, గీత ఎక్కడుండేదో వెతుక్కున్నాడు. నేను చెయ్యి చాచాను.

"హైదరాబాద్ల ముప్పై అడుగుతరన్నరు గద. నాకియ్యి."

ఆయన నవ్వాడు. "ఇంటి మనిషికి కూలేందే?"

"చేతిపనికి బేరమాడవనే బాపు నన్ను నీకిచ్చిండు. నాతోనే ఎందుకాడుతున్నవు?"

ఆయన నవ్వు ఆపి, గుడ్డ తీసుకుని కారు అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. మర్నాడు పెళ్లికి పోయాడు. దారికి సద్ది కట్టిచ్చాను గానీ సాగనంపడానికి వాకిట్లోకి పోలేదు. అడిగినందుకు తప్పుచేశాననీ అనిపించలేదు.

మూడో రోజు తిరిగొచ్చి, వాకిట్లోనే నిలబడి చెప్పాడు. పెళ్లికి మిస్త్రీ కూడా వచ్చాడట. తలుపు మీద బొటనవేలు జార్చి, "గీ పని ఎవరు జేసిన్రు?" అని అడిగాడట.

"మా ఇంటామె అని చెప్పిన. ఎంతిచ్చినవని అడిగిండు. నాకు మాట రాలే" అన్నాడు మా ఆయన.

కాళ్లు కూడా కడుక్కోకుండా కిరాయి డబ్బుల్లోంచి ఐదు రూపాయల నోట్లు ఆరు తీసి, మిస్త్రీకి ఇచ్చినట్టే రెండు చేతులా ఇచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక నా పనికి నా చేతిలో పడ్డ మొదటి డబ్బు అది. లెక్కపెట్టి ఒక నోటు తిరిగిచ్చాను.

"మొదలేసింది రాలిపాయె. అది నా తప్పు. గీ రంగుకు మాత్రం ఆర్నెల్లు గ్యారంటీ. పెచ్చు లేస్తే మల్ల పైసలడుగ."

ఏడేళ్లు నడిపి ఆ కారు అమ్మేశాం. అప్పటికి ఒళ్లంతా వెలిసి బూడిదరంగుకు తిరిగింది. కొనడానికి వచ్చినవాడు ఎడమ వెనక తలుపు దగ్గర ఆగి, ఇది కొత్తగా వేయించారా అని అడిగాడు.

"కాదు. మా ఇంటామె పని. పూరా పైసలిచ్చి చేయించిన" అన్నాడు మా ఆయన, లోపల ఉన్న నాకు వినబడేలా.