భర్త పేరు గడిలో గీత

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఆయాగా ఉంటూ వయోజన విద్య తరగతిలో నేర్చుకున్నాను. ఆ చదువుతో చేసిన మొదటి పనే ఒక కాపురంలో నిప్పు పెట్టింది. దాచడానికేముంది.

ఎనభైల మొదట్లో సంగతి. ఆసుపత్రిలో మూల గదిలో మగవాళ్ల సుఖరోగాలకు మందిచ్చేవాళ్లు. ఆ గదికి ఒక రిజిస్టరు. కడుపుతో ఉన్న ఆడవాళ్లు చూపించుకునే చోట ఇంకొకటి. మొగుడికి సవాయి రోగం ఉంటే పెళ్లానికీ అంటుకుంటుంది, కడుపులో బిడ్డకూ ముప్పే. ఆడవాళ్లందరికీ రక్తపరీక్ష చేసేంత సరుకు మాకు వచ్చేది కాదు. అందుకని డాక్టరమ్మ రెండు రిజిస్టర్లూ నా ముందు పెట్టి, ఈ మగవాళ్ల భార్యలు ఆ పుస్తకంలో ఉన్నారేమో పేరూ ఊరూ చూసి ఏరమంది.

"రక్తం తీయించు, అంతే. ఎందుకని అడిగితే నన్ను అడగమను," అని గట్టిగా చెప్పింది.

ఆ వారం రేణిగుంట నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. భార్యకు ఆరో నెలని తనే చెప్పాడు.

"పిల్చకరాప్పా, ఆమెకూ సూది ఎయ్యాల," అన్నాను.

"ఏమని చెప్పి పిల్చకొచ్చేది? నీ మాదిరి పెద్ద గొంతామె మా ఇంట్లో ఒకతుండాది, మాయమ్మ. ఊరంతా దండోరా ఏస్తాది," అని సూది వేయించుకుని పోయాడు.

అతని పేరు కొండమీది దేవుడిది. మా వైపు వీధికి పదిమందికి అదే పేరు. ఆడవాళ్ల రిజిస్టరులో వేలు పెట్టి వెతికాను. రేణిగుంట, ఆరో నెల, భర్త పేరు అదే. దొరికిందని పొంగిపోయాను. ఆమె రాగానే రక్తం తీసే చోటికి తీసుకెళ్లాను.

"ఇంతమందిలో నాకొకదానికే ఏందికక్కా?" అంది.

డాక్టరమ్మను అడగమనాలి. నా నోరు ఆగలేదు. "మీ ఆయనకు ఆ మూల గదిలో సూదులేసినారు. అందుకే," అన్నాను.

ఆమె రక్తంలో ఏ రోగమూ లేదు. అది తెలిసేలోపే పుట్టింటికి వెళ్లిపోయింది. పూలంగడి పెట్టుకున్న ఆమె భర్త ఆసుపత్రికొచ్చి నా మీద విరుచుకుపడ్డాడు.

"ఆ గది యాడుందో కూడా నేనెరగను. ఎవురు చెప్పమన్నారు నీకు?"

డాక్టరమ్మే పుట్టింటికి వెళ్లి నచ్చజెప్పి ఆమెను కాపురానికి పంపింది. ఆ తర్వాత ఆ రిజిస్టరు తెరిచి, "మళ్లీ చూడు," అంది నాతో.

అదే పేజీలో రేణిగుంట నుంచి ఇంకొకామె ఉంది. ఆమెకూ ఆరో నెలే. భర్త పేరు గడిలో మాత్రం ఒక గీత. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. వెంట ఎవరన్నా ఉంటే వాళ్లు చెప్తారు. ఒక్కతే వస్తే గుమాస్తా గీత గీసేవాడు. నేను పేర్లు వెతుక్కుంటూ ఆ గీతను దాటిపోయాను. మా ఆయన పేరు నేనూ ఏనాడూ పలికినదాన్ని కాను. అయినా తట్టలేదు.

ఆ రెండో ఆమె మళ్లీ చూపించుకోవడానికి వచ్చేసరికి నెల తిరిగింది.

"పేరొద్దులేమ్మా, ఏం పని చేస్తాడో చెప్పు," అన్నాను.

"లారీ తోల్తాడక్కా," అంది తల వంచుకుని. "ముందు రెండు కాన్పులూ నిలవలేదు. ఇదన్నా నిలస్తాదా?"

"డాక్టరమ్మనడుగుదాం పా."

రక్తంలో రోగం తేలింది. మొదటి సూది వేశారు. రెండో సూది రోజు రాకముందే నొప్పులతో వచ్చింది. బిడ్డ చచ్చి పుట్టింది. ఆడబిడ్డ. గుడ్డలో చుట్టింది నేనే.

మిగతా సూదులకు ఆమె ప్రతి వారం వచ్చింది. డాక్టరమ్మ పట్టుబట్టడంతో మొగుడూ వెంట వచ్చి బయట బల్ల మీద కూర్చునేవాడు. చివరి రోజు ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అడిగి మరీ సూది ఏయించినావు కదక్కా. నువ్వు లేకుంటే నేనూ పోయుందును."

నెల ముందే రిజిస్టరులో ఆమె వరస నా వేలి కింద ఉండిందని ఆమెతో చెప్పలేదు. చెయ్యి విడిపించుకుని, బస్సుకు టైమవుతోంది పొమ్మన్నాను.