లీటరుకు ఎంతిస్తుంది?

ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు కోసం పడిగాపులు కాసిన ఆ ఏళ్లను తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది నా మడమల నొప్పి. మేం ఇల్లు కట్టుకున్న కాలనీ చౌరస్తా నుంచి చాలా లోపలికి ఉండేది. అంతకుముందు అవి ఆముదపు చేలు. హద్దురాళ్లు పాతి ప్లాట్లు చేసి అమ్మారు. అమ్మినాయన చూపించిన పటంలో నలభై అడుగుల రోడ్లున్నాయి గానీ, నేల మీద బురదే ఉండేది. వానాకాలంలో చెప్పులు చేతిలో పట్టుకుని చౌరస్తా దాకా నడిచి, అక్కడి హోటల్ ముందు డ్రమ్ములో నీళ్లతో కాళ్లు కడుక్కుని, చెప్పులేసుకుని, అప్పుడు ఉద్యోగస్తురాలిని అయ్యేదాన్ని.

కోఠి దగ్గర ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టును నేను. మా ఆయన నాంపల్లిలో ఇంకో ఆఫీసులో గుమాస్తా. ఇద్దరిదీ ఒకే దారి. అయినా ఏనాడూ కలిసి వెళ్లింది లేదు. బస్సులు వనస్థలిపురంలోనే నిండిపోయి వచ్చేవి. ఆయన ఫుట్‌బోర్డు మీద ఒక కాలు మోపి, కిటికీ ఊచ పట్టుకుని వెళ్లిపోయేవాడు. చీర కట్టుకుని, టిఫిను డబ్బా పట్టుకుని నేను అలా వేలాడలేను కదా. ఎక్కగలిగిన బస్సు వచ్చేసరికి హాజరు పట్టీలో నా పేరు ఎదుట ఎర్ర గీత పడిపోయేది. సాయంత్రం మళ్లీ అదే భాగవతం. ఇల్లు చేరేసరికి ఒళ్లు హూనమయ్యేది. రెండేళ్ల మా పాప అప్పటికి అన్నం తినేసి, కళ్లు నలుపుకుంటూ ఉండేది.

పాపను మా అత్తమ్మ చూసుకునేది. నల్గొండ దగ్గర ఊళ్లో పొలం కౌలుకిచ్చి మా కోసం వచ్చింది పాపం. నా పాదాలకు తనే కొబ్బరినూనె రాస్తూ, "మానెయ్ బిడ్డా. ఒక్కని జీతంతోటి బతుకలేమా?" అనేది. సాధింపు కాదు, జాలితోనే అనేది. అందుకే కాదనడం ఇంకా కష్టమయ్యేది. నిజం చెప్పాలంటే మానేయాలని నాకూ రోజూ అనిపించేది. ఆపింది మా ఆయన ఇచ్చిన ఒక్క మాట.

"బండి కొందాం. నిన్ను కోఠిల దింపి నేను నాంపల్లి పోత. జర ఓపిక పట్టు" అన్నాడు.

ఆ 'జర' పట్టుకుని నేను ఏడాదికి పైగా ఈదాను.

బండి ఎంచుకోవడమంటే ఆ రోజుల్లో పిల్లకు సంబంధం చూడటం కంటే పెద్ద పని. స్కూటరుకు పేరు రాయించుకుంటే ఎన్నేళ్లకు వస్తుందో ఎవరికీ తెలియదు. మోపెడ్ ఇద్దరిని లాగదన్నారు. అప్పుడప్పుడే కొత్త రకం మోటారు సైకిళ్లు దిగాయి, చిన్న ఇంజను, పెట్రోలు తక్కువ తాగుతుందని పేరు. వాటిలోనూ పెట్రోల్లో ఆయిల్ కలపాల్సినవి కొన్ని, అక్కర్లేనివి కొన్ని. మా ఆయన కనబడిన ప్రతివాణ్నీ పట్టుకుని "లీటరుకు ఎంతిస్తది?" అని అడిగేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కూరగాయలకు వెళ్తే, బండి పక్కన ఎవరైనా నిలబడి ఉంటే చాలు, సంచీ నా చేతికిచ్చి అటు వెళ్లేవాడు. ఒకసారి చావు పరామర్శకు వెళ్లిన ఇంట్లో కూడా, ఏడుస్తున్న మనిషి కాస్త తెరిపిన పడగానే, వాకిట్లో ఉన్న బండి సంగతి ఎత్తాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఈ విషయంలో ఆయనకు గురువు మా ఎదురింటి బ్యాంకాయన. గుంటూరు వైపు మనిషి. బ్యాంకులో ఉద్యోగం కాబట్టి కాలనీలో అందరం అలాగే పిలిచేవాళ్లం. ఆయనకు స్కూటరుండేది. చౌరస్తా దిగువకు రాగానే ఇంజను ఆపేసి, ఒక చెప్పు నేలకు రాసుకుంటూ జారి వెళ్లడం ఆయన పద్ధతి. ఆదివారం వచ్చిందంటే వాళ్ల అరుగు మీద మైలేజీ కొలువు. నేను లోపల బట్టలుతుకుతూ వింటూండేదాన్ని. అన్ని ఆదివారాల్లో ఒక్కరూ "వెనక కూర్చునేవాళ్లకు సీటు ఎలా ఉంటుంది?" అని అడగలేదు.

చివరికి బండి వచ్చింది. ఎర్ర రంగు, వెండిలా మెరిసే సైలెన్సరు. అత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది, నేను హ్యాండిలుకు పసుపు కుంకుమ పెట్టాను. మర్నాటి నుంచి చెప్పులు చేతిలో పట్టుకోనక్కర్లేదని ఆ రాత్రి నాకు తృప్తిగా నిద్ర పట్టింది.

తెల్లారి నేను తయారై వాకిట్లోకి వచ్చేసరికి బ్యాంకాయన బండి చుట్టూ తిరుగుతున్నాడు.

"తమ్ముడూ, కొత్త ఇంజనండీ ఇది. రెండు వేల కిలోమీటర్లు అయ్యేదాకా డబుల్స్ ఎక్కించారో, ఇక జన్మలో మైలేజీ రాదు. కొత్త పెళ్లికూతురిని చూసుకున్నట్టు చూసుకోవాలి" అన్నాడు.

మా ఆయన నా వైపు చూశాడు. "రన్నింగ్ అయినాక ఎక్కుదువులే. కొన్నొద్దులే కద" అన్నాడు. కొత్త పెళ్లికూతురిగా నాకు ఈ ఇంట్లో అంత మర్యాద జరిగిన గుర్తు లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. బస్సుకు వేళయిందని మింగేశాను.

ఆ కొన్నొద్దులు ఎండాకాలమంతా సాగాయి. ఆఫీసుకు వెళ్లి రావడం తప్ప ఆయన ఎక్కడికీ తిరిగే మనిషి కాదు, మరి రెండు వేల కిలోమీటర్లు ఎలా కరుగుతాయి? నేను చౌరస్తాలో నిలబడి ఉండగా ఎర్ర బండి నెమ్మదిగా నా ముందు నుంచి పోయేది. వెనక సీటు ఖాళీ. ఆయన తల తిప్పి చెయ్యి ఊపేవాడు. బస్టాపులో ఆడవాళ్లు "మీ సారే కదా?" అంటే, అవునని చెప్పడానికి నాకు సిగ్గేసేది. కోపం కూడా వచ్చేది. కోపానికీ ఓపిక కావాలి కదా. అదీ బస్సులోనే అయిపోయేది.

రన్నింగ్ పూర్తయిన ఆదివారం, "తయారుగా, అట్ల హయత్‌నగర్ దిక్కు పోయొద్దాం" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. పెళ్లిరోజు చీర కట్టుకున్నాను, మల్లెపూలు పెట్టుకున్నాను. పాపను అత్తమ్మ దగ్గర వదిలి వెనక కూర్చున్నాను. హయత్‌నగర్ దాటినా ఆయన ఆపలేదు, చాలా దూరం పోయాం. విజయవాడ రోడ్డు అప్పట్లో ఖాళీ. రెండు పక్కలా చింతచెట్లు, చల్లటి గాలి. ఆయన భుజం మీద చెయ్యి వేసి, పెళ్లయ్యాక ఇంత హాయిగా ఎప్పుడున్నానా అనుకున్నాను.

ఉన్నట్టుండి బండి రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. నేను గాబరాపడ్డాను. ఆయన మాత్రం నిదానంగా దిగి, మీటరు ముందు వంగి, పెదవులు కదుపుతూ లెక్క వేసుకున్నాడు. మొహం వాడిపోయింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం కాలే. ట్యాంకు ఖాళీ చేసి లీటరు పోసుకొచ్చిన. పోయినవారం ఒక్కన్నే పోతే ఎంతిచ్చిందో చూసిన, ఇయ్యాల డబుల్స్ చూద్దామని. చాన పడిపోయింది."

అప్పుడు చూశాను, సైడు డబ్బాలోంచి ఆయన తీసిన సీసాను. తిరుగు ప్రయాణానికి పెట్రోలు అందులో ఉంది. అంటే ఇది షికారు కాదు, పరీక్ష. నేను దాంట్లో బరువును. నవ్వొచ్చింది నాకు, ఆ వెంటనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎండ అని చెప్పి కొంగుతో తుడుచుకున్నాను. ఆయన ట్యాంకులో పెట్రోలు పోస్తూ, ఒక్క చుక్క కింద పడకుండా చూసుకుంటున్నాడు.

మర్నాడు సోమవారం. తనకు తొందర పనుందన్నాడు. మంగళవారం గాలి తక్కువుందన్నాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం, చక్రంలో చీర పడకుండా వెనక అడ్డంగా బిగించే ఇనుప జాలీ, శారీగార్డు, గోడకు ఆనించి కనిపించింది. అది బరువని, తీసేస్తే మైలేజీ కాస్త పెరుగుతుందని బ్యాంకాయన చెప్పాడట. ఆయన ఒకనాడూ 'నిన్ను ఎక్కించుకోను' అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని. లీటరుకు ఎక్కువ ఇవ్వాలని కొన్న బండి ఎక్కువ ఇస్తోంది. దాన్ని ఎందుకు కొన్నామో మాత్రం ఆయన మరిచిపోయాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఒకనాడు మధ్యాహ్నం నుంచే మబ్బు కమ్మింది. ఆఫీసు వదిలేసరికి కుండపోత. నేనెక్కిన బస్సు చాదర్‌ఘాట్ దాటి మలక్‌పేటలో ఆగిపోయింది. రైలు బ్రిడ్జి కింద నీళ్లు నిలిచిపోయాయి, దిగండి దిగండని కండక్టరు అరిచాడు. చుట్టూ తిరిగి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. షాపుల ముందు అంచెలంచెలుగా ఆగుతూ, జనంతో పాటు మళ్లీ నడుస్తూ కొత్తపేటకొచ్చాను. అక్కడ ఒక ఆటోలో ఆరో మనిషిగా ఇరుక్కుని చౌరస్తాలో దిగాను. కాలనీ దారిలో ఒక చెప్పు బురదలో దిగబడి పోయింది. వెతికే ఓపిక లేక రెండోది కూడా వదిలేశాను.

వాకిట్లోకి రాగానే కనిపించింది బండి. అరుగు మీదికి ఎక్కించి ఉంది. దాని మీద నా పాత నేత చీర నాలుగు మడతలు వేసి కప్పి ఉంది. మా ఆయన పొడి లుంగీలో కూర్చుని పాపకు బొమ్మలు గీసిస్తున్నాడు.

"తడిసినవా?" అన్నాడు.

"లేదు, మూసీల తానం చేసి వచ్చిన" అన్నాను. "నువ్వెప్పుడు వచ్చినవ్?"

"మబ్బు పట్టంగనే బయలెల్లిన. బండి తడుస్తదని."

"మా ఆఫీసు ముందట్నుంచే కద వచ్చినవ్?"

ఆయన పాప చేతికి పెన్సిలిచ్చాడు. మెల్లగా, "గీ పరేషాన్ అంత ఎందుకు? మానెయ్యరాదు?" అన్నాడు.

వంటింట్లోంచి అత్తమ్మ తువ్వాలు పట్టుకొచ్చి, "నేను చెప్తనే ఉన్న. వింటదా?" అంది.

నాకు అప్పుడు వచ్చిన కోపం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. గొంతు మాత్రం పెరగలేదు, ఆ శక్తి కూడా లేదు.

"మానను" అన్నాను. "ఇన్నొద్దులు నీ బండి వస్తదని ఆగిన. వచ్చింది. అండ్ల నాకు జాగ లేదని తెలిసింది. ఇగ దేనికోసం ఆగేది లేదు. బస్సుల్నే పోత, నిలబడి పోత. నన్ను మానుమని ఇగ ఎవ్వరు అనొద్దు."

అత్తమ్మ నా తల తుడుస్తూ, "ఇగ అననులే. తిందువు రా" అంది.

పొద్దున నేను టిఫిను డబ్బా కట్టుకుంటుంటే బయట స్పానరు చప్పుడైంది. ఆయన నేల మీద కూర్చుని శారీగార్డు బిగిస్తున్నాడు. చేతులు తుడుచుకుని, "ఎక్కు" అన్నాడు. ఎక్కను అనాలని ఉండింది. రాత్రంతా ఆ మాటే అనుకున్నాను. కానీ కాళ్లు వాచి ఉన్నాయి, వేరే చెప్పుల జత లేదు, అత్తమ్మ హవాయి చెప్పులు తొడుక్కున్నాను. పౌరుషం ఎంతసేపు నిలబడుతుంది? ఎక్కి కూర్చున్నాను.

కొత్తపేట పండ్ల మార్కెట్ దాటాం. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సుల మధ్య ఇరుక్కున్నప్పుడు, తల తిప్పకుండానే అడిగాడు.

"నిజంగ ఎన్నడన్న మానుదామనుకున్నవా?"

"రోజూ అనుకున్న."

"నాకు చెప్పనే లేదు?"

"చెప్తే మానుమందువు."

మలక్‌పేట దగ్గర రాత్రి నీళ్లు తీసి బురద మిగిలి ఉంది. చాదర్‌ఘాట్ వంతెన కింద మూసీ ఎర్రగా పారుతోంది. కోఠిలో మా ఆఫీసు ముందు ఆపాడు. నేను దిగి కుచ్చిళ్లు సర్దుకుంటుంటే, ఇంజను ఆపి, నన్ను చూస్తూ అడిగాడు.

"సాయంత్రం మీ ఆఫీసు ఎన్నిటికి ఇడుస్తరు?"

పెళ్లినాటి నుంచీ నాది అదే ఆఫీసు, అదే వేళ. నా జీతం ఆయనకు తెలుసు. ఒకటో తారీకున అది ఏ ఖర్చుకు పోతుందో తెలుసు. నేను సాయంత్రం ఎన్నింటికి బయటపడతానో మాత్రం, ఇన్నేళ్ల తర్వాత, నడిరోడ్డు మీద నన్నే అడగాల్సి వచ్చింది. కోపం రాలేదు నాకు. బాధ కలిగింది. ఆయన మొహం చూస్తే అది ఆయనకూ తెలిసినట్టే ఉంది.

"ఐదింటికి" అని చెప్పి లోపలికి వెళ్లాను. సంతకం చేసి, టైపు మిషన్ మీద గుడ్డ తీసి, కాగితం ఎక్కించాను. ఐదింటికి ఆయన వస్తాడో రాడో తెలియదు. రేపు పొద్దున మాత్రం నేను మళ్లీ ఈ కుర్చీలో ఉంటాను.