గోడ మీది మదిర

బస్తరు గోండు పల్లెల్లో రయ్మతి కాచిన ఇప్పసారాకి పెద్ద పేరు. ఆ సారాయే ఆమె కొంప ముంచింది. కాచినదాంట్లో సగం మొగుడు సోన్‌సాయి గొంతులోకే పోయేది.

ఆడవాళ్ల సంఘం పెట్టిన కమ్లా బడిగోడ మీద ‘మదిర నిషేధం’ అని రాయించినప్పుడు రయ్మతి అడిగింది.

“మదిర అంటే ఏందే?”

“మత్తెక్కించేది అక్కా. నువ్వు కాచేదే. పుస్తకాల మాట.”

“మరి పోయిన పెద్దల పేరు చెప్పి నేలకు పోసేది?”

కమ్లా రంగుడబ్బాకి మూత పెట్టుకుంది. అయినా రయ్మతి ఆ సాయంత్రమే సారాకుండ పగలగొట్టింది. “నా చేతి చుక్క ఇక నీ నోట పడదు” అని మొగుడి ఎదుటే ఒట్టేసింది. అతను సంతలో తాగడం మొదలుపెట్టాడు. ఒక వానరోజు తూలుతూ వస్తూ వాగులో పడి చనిపోయాడు. ఇంట్లోనే పోసుంటే అంతదూరం వెళ్లేవాడు కాదన్న మాట రయ్మతి ఎవరితోనూ అనలేదు.

పోయినవాణ్ణి ఇంటి పెద్దల్లో కలిపే రోజు వచ్చింది. ఆడపడుచు ఫగ్ని దుకాణం సారా గడప ముందు పోసి, నీళ్లగిన్నెలో రెండు బియ్యపు గింజలు తేలేలా మెల్లగా వదిలింది. ఒకటి పెద్దలది, ఒకటి సోన్‌సాయిది. కలిస్తే అతను ఇంటికి చేరినట్టు. గింజలు చెరో అంచుకు పోయి ఆగాయి.

“ఎవడో కాచింది పోస్తే వస్తాడా మా తమ్ముడు? నీ చేతిది కావాలి పిల్లా.”

“ఒట్టేశాను వదినా.”

“బతికున్నోడి మీద వేశావు. ఇప్పుడు వాణ్ణి వానలోనే నిలబెడతావా?”

రయ్మతి కమ్లా వైపు చూసింది.

“నా గోడని అడ్డం పెట్టుకోకక్కా,” అంది కమ్లా. “తాగొచ్చి తన్నేవాళ్ల కోసం రాయించా దాన్ని.”

ఇప్పపువ్వు నాని పులిసేదాకా అందరూ ఆగారు. కుండ కమ్లాయే ఎక్కడో అడిగి తెచ్చింది. పట్టపగలు, సంఘం ఆడవాళ్ల మధ్య రయ్మతి పొయ్యి రాజేసింది. మొదటి చుక్కల్ని ఆకుదొన్నెలో పట్టి గడప ముందు పోసింది.

ఫగ్ని మళ్లీ గింజలు వదిలింది. అవి కాస్త తిరిగి, ఆగి, నెమ్మదిగా ఒకదానికొకటి ఆనుకున్నాయి.

“వచ్చాడే!” ఫగ్ని ఘొల్లుమంది.

రయ్మతి పొయ్యిలో నీళ్లు కుమ్మరించింది. ఇంట్లోకి చూస్తూ గట్టిగా అంది.

“ఇదే ఆఖరు. వాసన చూసుకుంటూ మూల కూర్చో. మళ్లీ సంతకెళ్లావంటే కాళ్లు విరగ్గొడతా.”